పెద్ద చక్రములు - తప్పు లెక్కలు



బెంగుళూరు నగరమున ఖరీదైన పెద్ద కార్లు కొన్నవారు, కంపెనీ బిగించిన చక్రములను, టైర్లను తీసివేయించి అంతకంటె పెద్దవి వేయించుకొను వేడుక నానాటికి ప్రబలుచున్నది. జె.సి. రోడ్డున నడచినచో ఇందుకై నిలిచియున్న కార్లు కనబడును. వారి డబ్బు, వారి కారు, మనకేమి అని నేనును ఇంతకాలము ఊరకుంటిని. అది పొరపాటని ఈమధ్య తెలిసివచ్చినందున ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను. తమ పత్రికలో చోటివ్వ ప్రార్థన.

నేను మెట్రిక్ వరకు చదివి, ప్రభుత్వ కార్యాలయములో గుమాస్తాగా పనిచేసి రిటైరయినవాడను. యంత్రముల సంగతి తెలిసినవాడను కాను. కాని మా ఆఫీసు జీపుల లాగుబుక్కులు చాలకాలము నా చేతిమీదుగా నడచినవి. తిరిగిన కిలోమీటర్లకును, పోసిన డీజిలుకును పొంతన కుదరనిచో బిల్లు పాసు కాకుండెడిది. ఆ అలవాటు నన్నింకను విడువలేదు.

మా మేనల్లుడు సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. టొయోటా ఫార్చ్యూనర్ కారు సెకండుహాండులో కొని, ముచ్చటపడి పెద్ద టైర్లు వేయించెను. కోలారులో పెండ్లికి నన్ను అందులోనే తీసుకొనిపోయెను. హోసకోట దాటిన పిమ్మట కారు ముల్లు 80 చూపుచుండగా, అతని ఫోను 83 చూపుచుండెను. "ఏమిరా, రెండు లెక్కలు రెండు విధములుగా ఉన్నవే" అంటిని. "ఫోను అంతే మామా, మీరు పట్టించుకోకండి" అనెను. కొంతదూరము పోయినంతలో సైకిలు మీద ఒక పిల్లవాడు రోడ్డుకు అడ్డము వచ్చెను. బ్రేకు గట్టిగా త్రొక్కగా, వానికి బారెడు దూరములో కారు ఆగెను. పిల్లవాడు వెనుదిరిగి చూచి వెళ్ళిపోయెను. పెండ్లివారి ఇల్లు చేరువరకు మేమిద్దరమును మాటలాడలేదు.

ఇంటికి వచ్చి కాగితము, పెన్సిలు తీసితిని. టైరు ప్రక్కన ముద్రించియుండు అంకెలలోనే అంతయు ఉన్నది. ఆ కారుకు కంపెనీ ఇచ్చినది 265/65 ఆర్ 17. అనగా టైరు వెడల్పు 265 మిల్లీమీటర్లు. దాని ప్రక్క ఎత్తు అందులో నూటికి 65 వంతులు, సుమారు 172 మిల్లీమీటర్లు. లోపలి రిమ్ము 17 అంగుళములు. మొత్తము చక్రము ఎత్తు 776 మిల్లీమీటర్లు. మావాడు వేయించినది 285/70 ఆర్ 17. దీని ఎత్తు 831 మిల్లీమీటర్లు. నూటికి ఏడు వంతులు హెచ్చు.

కారులోని యంత్రము చక్రము ఎన్ని చుట్లు తిరిగినదో లెక్కించునే గాని, చక్రము ఎంత పెద్దదో ఎరుగదు. కనుక వేగమును ఆ మేరకు తగ్గించి చూపును. కార్లలో ముల్లు అసలు వేగముకంటె కొంచెము హెచ్చుగా చూపునట్లు సాధారణముగా అమర్చియుందురు. అది మన మేలుకొరకు చేసిన ఏర్పాటు. ఆ జాగ్రత్తనంతయు ఈ టైర్లు మ్రింగివైచి, పైగా మూడు కిలోమీటర్లు బాకీ చూపినవి.

వేగము నూటికి ఏడు హెచ్చినచో, బ్రేకు వేసిన తరువాత ఆగుటకు పట్టు దూరము నూటికి పదునాలుగు హెచ్చును. చక్రము బరువు పెరిగినను, ఎత్తు పెరిగినను బ్రేకు మాత్రము పాతదే. ఆ పిల్లవానికి మిగిలిన బారెడు దూరము ఇందులో ఏపాటి? మరియు కారు లక్ష కిలోమీటర్లు తిరిగినట్లు చూపునప్పటికి నిజముగా లక్షా ఏడువేలు తిరిగియుండును. రేపు ఆ కారు కొనువాడు మోసపోవును.

రెండవ వేడుక మరియొకటి గలదు. రిమ్ము 20 అంగుళములకు పెంచి, పలుచని టైరు వేయుట. 265/50 ఆర్ 20 వేసినచో మొత్తము ఎత్తు 773 మిల్లీమీటర్లే గనుక వేగము లెక్క తప్పదు. కాని రబ్బరు ఎత్తు 172 నుండి 132కు దిగును. గుంటలో పడినప్పుడు దెబ్బ కాచుకొనునది ఆ రబ్బరే. నాలుగు సెంటీమీటర్లు పోగొట్టుకొని బెంగుళూరు రోడ్లమీద తిరుగువారి రిమ్ములు వంగుటలో వింత ఏమున్నది?

"రోడ్లు బాగులేవు, వానకు నీరు నిలుచును, అందుకే పెద్ద టైర్లు" అని కొందరందురు. రోడ్లు బాగులేవనుట నిజము. 2025లో పాత మహానగర పాలిక స్థానమున వచ్చిన ఐదు కార్పొరేషన్లకు గుంటలు పూడ్పించు బాధ్యత తప్పదు. కాని గుంటలకు మందు గుంటలు పూడ్చుటయే. సైకిలు పిల్లవాని ప్రాణమును పణము పెట్టుట కాదు.

మార్పు ఏదియు కూడదని నేననను. ఇదే కారును కంపెనీవారే 265/60 ఆర్ 18 టైర్లతోను అమ్మినారు. రిమ్ము ఒక అంగుళము పెరిగినను మొత్తము ఎత్తులో తేడా ఒక మిల్లీమీటరు మాత్రమే. తెలిసినవారు చేయు పద్ధతి అట్లుండును. అంకెల చివర 112 అని ఉన్నచో ఆ టైరు 1120 కిలోల బరువు మోయగలదని అర్థము. అంతకు తగ్గినది వేయరాదు.

చట్టము లేకపోలేదు. తయారీదారు నిర్దేశించినదానికి భిన్నముగా వాహనమును మార్చరాదని 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను చెప్పుచున్నది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీనిని ధ్రువపరచినది. అదే సంవత్సరపు సవరణ ప్రకారము అనుమతి లేని ఒక్కొక్క మార్పునకు ఐదువేల రూపాయల జుల్మానా గాని, ఆరునెలల వరకు జైలు గాని, రెండును గాని విధింపవచ్చును. కాని మావానికి టైర్లు బిగించిన దుకాణములో ఈ మాట చెప్పినవారు లేరు.

కావున రవాణాశాఖవారికి నా మనవి: ప్రతి టైర్ల దుకాణములోను ఈ నిబంధనలను బోర్డుపై వ్రాయించి పెట్టింపవలెను. కారు మోడలునకు కంపెనీ ఆమోదించిన కొలత ఏది, బిగించినది ఏది అని బిల్లుమీద రెండును వ్రాయుట తప్పనిసరి చేయవలెను. గుమాస్తా బుద్ధి అనుకొన్నను సరే, కాగితము మీద రెండంకెలు ప్రక్కప్రక్కన నిలిచినచో తప్పు దానంతట అదే బయటపడును.

మా మేనల్లుడు పాత టైర్లు మరల వేయించుకొన్నాడు. పెద్దవి మా ఇంటి మెట్లక్రింద ఉన్నవి. అమ్మివేతునన్నాడు. ఇదే జాతి కారు గలవానికి అమ్మినచో మన తప్పును అతనికి అంటగట్టినట్లే గదా అంటిని. ఇంకను ఆలోచించుచున్నాడు.

ఇట్లు,
ఒక విశ్రాంత గుమాస్తా,
బెంగుళూరు.