మోడల్ కొనకండి, మీటరు చూపించండి



సైన్స్ ఫెయిర్ దగ్గర పడిందంటే ఊళ్లో ప్రాజెక్టు మోడళ్లు అమ్మే షాపుల ముందు రద్దీ మొదలవుతుంది. థర్మాకోల్ ఆనకట్ట, పక్కన గాలిమర, ఒక సోలార్ పలక, చుట్టూ వీధి దీపాలు, అన్నీ అతికించి సిద్ధంగా ఉంటాయి. డబ్బు కట్టి తెచ్చుకోవడమే తరువాయి. ముందురోజు రాత్రి పిల్లలు రెండు పేరాలు బట్టీ పడతారు. కిందటేడు అలాంటి మోడల్ ముందు నిలబడిన ఎనిమిదో తరగతి పాపను అడిగాను, "మీ ఇంట్లో నెలకు ఎన్ని యూనిట్లు కాలుతున్నాయి తల్లీ?" అని. "యూనిట్ అంటే ఏంటి సార్?" అంది. పునరుత్పాదక వనరులు ఏవి, తరిగిపోయేవి ఏవి అంటే మాత్రం తడుముకోకుండా అప్పజెప్పింది.

ఆ పాపను తప్పుపట్టను. బాగా మెరిసే మోడల్‌కే మొదటి బహుమతి ఇస్తున్నది మేమే కదా. ఫిజిక్స్ చెప్పే మనిషిగా ఈసారి నా మాట ఇది: కరెంటు గురించి మీ పిల్లలు చేయదగ్గ మంచి ప్రాజెక్టు మీ గుమ్మం పక్కనే గోడకు బిగించి ఉంది. దానికి పైసా ఖర్చు లేదు.

మీ మీటరు మీద చిన్న ఎర్ర లైటు వెలిగి ఆరుతూ ఉంటుంది. పక్కనే ఒక అంకె ముద్రించి ఉంటుంది. చాలా ఇళ్లలో అది 3200. ఆ లైటు 3200 సార్లు మిణుకుమంటే ఒక యూనిట్ ఖర్చయినట్టు. యూనిట్ అంటే 1000 వాట్ల వస్తువు గంటసేపు వాడే కరెంటు. ఆదివారం మధ్యాహ్నం మీరూ పిల్లలూ కలిసి ఇంట్లో అన్నీ ఆపేయండి, ఫ్రిజ్‌తో సహా. తర్వాత ఒక్క 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు వేయండి. లైటు దాదాపు రెండు నిమిషాలకు ఒకసారి మిణుకుమంటుంది. దాన్ని ఆపి 75 వాట్ల పాత సీలింగ్ ఫ్యాన్ పెద్ద స్పీడులో పెడితే సుమారు పదిహేను సెకన్లకోసారి. 2000 వాట్ల గీజర్ వేయండి, సెకనుకు దాదాపు రెండుసార్లు కొట్టుకుంటుంది. అరగంటకు ఒక యూనిట్ అయిపోతుంది. అదే యూనిట్‌తో ఆ ఎల్‌ఈడీ బల్బు 111 గంటలు వెలుగుతుంది. ఈ తేడాను ఒకసారి కళ్లతో చూసిన పిల్లకు "వాట్" అంటే ఏమిటో మళ్లీ నేను చెప్పనక్కర్లేదు.

కాస్త పెద్ద క్లాసు పిల్లలైతే లెక్క కూడా కట్టవచ్చు. 3200 మీటరు అయితే, రెండు మిణుకుల మధ్య ఎన్ని సెకన్లో చూసి 1125ను దానితో భాగిస్తే వాట్లు వస్తాయి. పదిహేను సెకన్లయితే 75. అన్నీ ఆపేశామనుకున్నా లైటు మిణుకుమంటూనే ఉంటే అసలు సరదా అప్పుడు మొదలవుతుంది. రిమోట్‌తో ఆపిన టీవీయో, సెట్‌టాప్ బాక్సో ఎక్కడో తింటూ ఉంటుంది. వెతికి పట్టుకోమనండి.

ఇక "శక్తి వనరులు" పాఠం. జాబితా నేర్పడం కన్నా ఒక ప్రశ్న అడగడం మేలు: పొద్దున్న ఆరింటికి మనం గీజర్ వేసినప్పుడు ఆ కరెంటు ఎక్కడినుంచి వస్తోంది? కర్నూలు దగ్గర 1000 మెగావాట్ల సోలార్ పార్కు ఉంది, కానీ ఆ వేళకు ఎండ ఉండదు. గ్రిడ్‌లో కరెంటును మూటగట్టి దాచుకోలేం. ఎంత వాడుతుంటే అంత అదే క్షణంలో తయారవుతుండాలి. కాబట్టి ఆ వేడినీళ్ల వెనక ఎక్కువ భాగం రామగుండం, కొత్తగూడెం, విజయవాడ లాంటి చోట్ల మండే బొగ్గే ఉంటుంది. శ్రీశైలం ఎడమగట్టు కేంద్రంలో యంత్రాలు వెనక్కి తిరిగి నీళ్లను పైకి తోడగలిగేలా ఎందుకు కట్టారో అప్పుడు పిల్లలకు తట్టుతుంది: కరెంటును దాచలేం గానీ నీటిని ఎత్తున దాచవచ్చు.

"మావాణ్ణి కరెంటు దగ్గరికి పంపడమా!" అని కొందరు అమ్మలు అంటారు. ఆ భయం మంచిదే. మీటరును చూడటమే తప్ప ముట్టుకోవడం లేదు, పెద్దలు పక్కనుండాలి. వైర్లతో ప్రయోగాలకు ఒకటిన్నర వోల్టుల సెల్లు, టార్చి బల్బు చాలు. ఇంటి సాకెట్‌లో ఉండేది 230 వోల్టులు, అది ఆటవస్తువు కాదు. అయితే నాకు పిల్లల కన్నా పెద్దల మీదే అనుమానం ఎక్కువ. రెండు పిన్నుల ప్లగ్గు దూరకపోతే పై రంధ్రంలో పెన్నో స్క్రూడ్రైవరో పొడిచి దూర్చడం ఎన్ని ఇళ్లలో చూడలేదు! ఆ రంధ్రం ఎర్త్ పిన్నుది. మూడు పిన్నుల ప్లగ్గులో అది మిగతా రెంటికన్నా పొడుగు ఎందుకంటే, కరెంటు అందేలోపే ఎర్త్ తగలాలని. కింది రంధ్రాల మూతలు కూడా దానివల్లే తెరుచుకుంటాయి. పొడిచి దూర్చేటప్పుడు మనం చేసేది ఆ రక్షణను పక్కకు నెట్టడమే, పక్కన పిల్లలు చూస్తుండగా.

మార్కులు వస్తాయా అని అడుగుతారని తెలుసు. పదో తరగతి విద్యుత్ పాఠంలో గీజర్, ఫ్యాను, నెల బిల్లు లెక్క తరచూ వచ్చేదే. మీటరు చదివిన పిల్ల ఆ లెక్క దగ్గర ఆగదు.

ఈ ఏడాది నా క్లాసుల పిల్లలు ఎవరూ మోడల్ తేనక్కర్లేదు. ఏడు రోజులు, రోజూ రాత్రి ఒకే వేళకు మీటరు రీడింగ్ రాసి, ఏ రోజు ఎందుకు పెరిగిందో పక్కన ఒక వాక్యం రాసి తెస్తే చాలు. అక్షరదోషాలున్నా పర్వాలేదు. రాత మాత్రం మీది కాకుండా వాళ్లదే అయి ఉండాలి.