ఇంటి యాసకు దక్కిన గౌరవము

2026 ఫిబ్రవరి 1వ తేదీన అమెరికాలోని లాస్ ఏంజెలీస్ నగరమున జరిగిన గ్రామీ బహుమతుల సభలో ఆ యేటి ఉత్తమ ఆల్బమ్‌గా ఒక స్పానిష్ భాషా ఆల్బమ్‌ను ప్రకటించిరి. 1959లో ఆరంభమైన ఈ బహుమతుల చరిత్రలో స్పానిష్ ఆల్బమ్‌కు ఆ గౌరవము దక్కుట ఇదియే ప్రథమము. దాని పేరు ‘దెబీ తిరార్ మాస్ ఫోతోస్’. ‘ఇంకను ఎక్కువ ఫోటోలు తీసియుండవలసినది’ అని అర్థము. పాడినవాడు ప్యూర్టోరికో ద్వీపవాసియగు బ్యాడ్ బన్నీ అను యువకుడు. సరిగా వారము దినములకు, ఫిబ్రవరి 8వ తేదీన, అమెరికా ఫుట్‌బాల్ మహాపోటీ యగు సూపర్ బౌల్ విరామ సమయమున ఆతడే పాడెను. ఆ దేశమునకంతకును పండుగవంటి ఆ దినమున స్పానిష్ పాట ఇంటింట వినబడెను.

ఈ పాప్ గాయకునితో మన సంఘపత్రికకు పనియేమి యని పాఠకులలో పెద్దలు అడుగవచ్చును. ఆ ప్రశ్న న్యాయమైనదే. మా యింటి పిల్లలు చెవులలో తీగలు దోపుకొని ఆ పాటలు వినుచుండగా మేమును మొదట విసుగుకొన్నవారమే. ఆ గోల యేమని అడిగి, వారు చెప్పిన కథను ఓపికతో వినిన పిదప, ఇది మనకు పరాయి సంగతి కాదని తోచినది. అందుచేతనే ఈ వారము ఈ స్థలమును దీనికి కేటాయించితిమి.

ప్యూర్టోరికో కరీబియన్ సముద్రమందలి చిన్న ద్వీపము. శతాబ్దములకొలది స్పెయిన్ ఏలుబడిలో నుండి 1898లో అమెరికా వశమయ్యెను. 1917లో అచటివారికి అమెరికా పౌరసత్వము లభించినది గాని, ద్వీపమున నివసించువారికి అధ్యక్షుని యెన్నికలో నేటికిని వోటు లేదు. పాఠశాలలలో ఇంగ్లీషును బోధనభాషగా నిలుపుటకు పాలకులు దశాబ్దములపాటు యత్నించి, తుదకు 1949లో స్పానిష్‌నే మరల అంగీకరించిరి. 1948 నుండి 1957 వరకు తమ ద్వీపపు జెండాను చూపుట సైతము అచట నేరముగా నుండెను. నేడు ద్వీపమున సుమారు 32 లక్షల మంది యుండగా, బ్రతుకుతెరువునకై అమెరికా ప్రధానభూమికి తరలినవారును వారి సంతతియు 50 లక్షలకు మించియున్నారు. ఊరిలోని వారికంటె ఊరు విడిచినవారే ఎక్కువైన జాతి యది.

అట్టి గడ్డపై 1994 మార్చి 10వ తేదీన బెనీతో ఆంతోనియో మార్తీనెస్ ఒకాసియో జన్మించెను. తండ్రి లారీ నడుపువాడు, తల్లి బడి పంతులమ్మ. వేగా బాహా ప్రాంతమున పెరిగిన ఆ బాలుడు చర్చి గాయకబృందమున పాడుచుండెను. కళాశాలలో చదువు సాగించుచునే ఒక సూపర్ మార్కెట్‌లో గిరాకీల సరకులను సంచులలో సర్దు కొలువు చేసెను. తీరిక వేళల తాను కట్టిన పాటలను ఇంటర్నెట్‌లో పెట్టుచుండగా 2016లో ‘దీలెస్’ అను పాట వ్యాపారుల కంటబడెను. చిన్ననాట బడిలో కుందేలు వేషము వేయించినప్పుడు మూతి ముడుచుకొని దిగిన ఫోటోయే ఆతని రంగస్థలనామమునకు మూలము.

తరువాతి లెక్క చిట్టావలె స్పష్టముగా నున్నది. 2018 డిసెంబరులో మొదటి ఆల్బమ్ వెలువడెను. 2020లో వచ్చిన ‘ఎల్ ఉల్తిమో తూర్ దెల్ ముందో’ అమెరికా బిల్‌బోర్డ్ పట్టికలో ప్రథమస్థానము నందిన తొలి సంపూర్ణ స్పానిష్ ఆల్బమ్. 2022 నాటి ‘ఉన్ వెరానో సిన్ తి’ అదే పట్టికలో 13 వారములు అగ్రస్థానమున నిలిచెను. స్పాటిఫై సంస్థ లెక్కలలో 2020, 2021, 2022 సంవత్సరములందును, మరల 2025లోను ప్రపంచమున అందరికంటె అధికముగా వినబడిన గాయకుడు ఈతడే. ఇంగ్లీషులో పాడిననే గాని పెద్ద అంగడిలో సరకు చెల్లదని చెప్పువారి మాటను ఈ లెక్క కొట్టివేయుచున్నది.

2019 జూలైలో ద్వీపపు గవర్నరునకు వ్యతిరేకముగా ప్రజలు వీథులకెక్కినప్పుడు ఈతడు ఐరోపా సంగీతయాత్రను ఆపుకొని వచ్చి వారితో కలిసి నడిచెను. 2022లో తన ‘ఎల్ అపగోన్’ పాటకు జతగా, విద్యుత్తు కొరతను గూర్చియు, పొరుగు ధనవంతులు తీరమును కొనుచుండగా స్థానికులు ఇండ్లు విడువవలసివచ్చుటను గూర్చియు ఒక పాత్రికేయురాలి వార్తాచిత్రమును లోకమునకు చూపెను.

ఇక 2025 జనవరి 5వ తేదీన, తమవారి ‘ముగ్గురు రాజుల పండుగ’ ముందునాడు, ఈ ఆల్బమ్‌ను విడుదల చేసెను. పాటలు 17. అట్టపై ఆతని ముఖము లేదు. అరటిచెట్ల ముందర ఖాళీగా నున్న రెండు తెల్లని ప్లాస్టిక్ కుర్చీలు మాత్రమున్నవి. మన పెరటిలోను అట్టి కుర్చీలే కలవు. కూర్చుండవలసినవారు లేచిపోయినారన్న భావము చూడగనే మనసునకు తగులును.

లోకమునకు నచ్చిన నేటి బాణీతోపాటు, తమ తాతలనాటి ప్లేనా, బోంబా, సాల్సా బాణీలను ఇందు కలిపెను. ఒక సాల్సా పాటకు సాన్ హువాన్ నగరపు సంగీత పాఠశాలలో చదువుకొను పిల్లలచేత వాద్యములు వాయింపించెను. మరియొక పాటకు ప్లేనాను వృత్తిగా స్వీకరించిన యువకబృందమును పిలిచెను. పేరుమోసిన వాద్యకారులు దొరకక కాదు. ఆ విద్య పిల్లల చేతికి అందవలెనని. పాటలకు జతచేసిన దృశ్యములలో ద్వీపచరిత్రను ఒక చరిత్రాచార్యునిచేత వ్రాయించి ప్రకటించెను. పాట వినవచ్చిన పిల్లవాడు చరిత్ర చదివి పోవును. మరియొక పాటలో, హవాయి దీవులకు పట్టిన గతి తమ గడ్డకు పట్టరాదని మొరపెట్టుకొనెను. 1896 నాటి చట్టముతో హవాయి భాషను బడులనుండి తొలగించిరన్న సంగతిని తెలిసినవారికి ఆ మొర అర్థమగును.

ఆల్బమ్‌తో వచ్చిన చిన్న చలనచిత్రమున ఒక వృద్ధుడు తాను పుట్టిన పేటలోని కాఫీ దుకాణమునకు పోవును. అచట మాట ఇంగ్లీషు, ధర ఆకాశమున, నగదు తీసుకొనరు. తన ఊరిలో తానే పరాయివాడై ముదుసలి నిలుచుండగా, తనవాడగు ఒక యువకుడు ఆ సొమ్ము చెల్లించును. ముప్పదియేండ్లుగా అంగడి నడుపుచున్న మాకు ఆ దృశ్యము బోధపడుటకు స్పానిష్ రానక్కరలేకపోయెను.

కచేరీల విషయమునను ఈతడు వ్యాపారులకు ఒక పాఠము నేర్పెను. అందరును పెద్ద సంతకు సరకు మోసుకొని పోవుదురు. ఈతడు 2025 జూలై నుండి సెప్టెంబరు వరకు తన ద్వీపముననే 31 కచేరీలు చేసి, సంతనే ఇంటికి రప్పించెను. మొదటి 9 కచేరీల టిక్కెట్లు ద్వీపవాసులకే యిచ్చి, పిదపనే పైవారికి తలుపు తెరచెను. ఆ వరుసకు ‘నాకు ఇక్కడినుండి పోవలెనని లేదు’ అని పేరు పెట్టెను.

మాకు అన్నిటికంటె ముఖ్యముగా తోచినది ఇంకొకటి. ఆల్బమ్‌లోని మొదటి పాట పేరు ‘నుయేవాయోల్’. న్యూయార్క్‌ను స్పానిష్‌లో ‘నుయేవా యోర్క్’ అందురు. ప్యూర్టోరికో వారు ‘ర’ను ‘ల’గా పలుకుదురు, ‘స’ను మ్రింగివేయుదురు. స్పానిష్ మాటలాడు ఇతరదేశముల వారు దానిని పరిహసించుట కలదు. ఈతడు ఆ పలుకును దిద్దుకొనలేదు. పలికినది పలికినట్లే అట్టపై అచ్చువేయించెను. వలసపోయినవారిని తలచుకొను ఆ పాటలో, బ్రూక్లిన్ పేటలో ద్వీపవాసులు ఏండ్ల తరబడి కూడుకొను ఒక చిన్న సంఘమందిరపు ప్రస్తావనయు కలదు. మన సంఘమందిరపు అరుగు మాకు అప్పుడు జ్ఞప్తికి వచ్చెను.

మా హోసూరు ప్రాంతపు తెలుగులో తమిళ కన్నడములు కలిసియున్నవి. షోలాపురపు తెలుగులో మరాఠీ, బరంపురపు తెలుగులో ఒడియా కలిసియుండును. కొన్నియేండ్ల క్రిందట మా మేనకోడలిని కోస్తాలో ఒక పెండ్లికి తీసుకొనిపోతిమి. ‘పెళ్లికూతురు లోపల ఉండాది’ అని ఆ పిల్ల అనగా ఆడపెళ్లివారి పిల్లలు నవ్విరి. పెద్దలును నవ్విరి. ఆ పిల్ల తక్కిన రెండు దినములును ఇంగ్లీషులోనే మాటలాడెను. ఇంటికి వచ్చిన తరువాత కూడ, ‘మామా, నాది మంచి తెలుగు కాదు లెండి’ అనుచు తెలుగును తగ్గించుకొనెను. ఆనాడు మేము ఆ నవ్వును ఆపలేదు. మేమును చిరునవ్వు నవ్వితిమి. ఆ తప్పు మాది.

మన భాషను ప్రభుత్వములు నిర్లక్ష్యము చేయుచున్నవని మనము అర్జీలు పెట్టుచున్నాము, పెట్టవలసినదే. కాని పిల్లవాని నాలుకపైనుండి తెలుగును తరుముచున్నది కొంతవరకు మన నవ్వే. బడిలో దొరకని భాషను ఇంటిలో కాపాడుకొనవచ్చును. ఇంటిలో సిగ్గుపడిన భాషను ఏ బడియు కాపాడలేదు.

ఇందు అతిశయోక్తికి తావీయరాదు. ఆతని పాటలలో పెక్కింట మోటుమాటలును, హద్దుమీరిన శృంగారమును కలవు. చిన్నపిల్లలకు వినిపించదగినవి కావు. మరియు స్పానిష్ సుమారు 50 కోట్ల మంది నోట నున్న భాష. మన తెలుగువారి సంఖ్య 2011 జనాభా లెక్కలలో 8 కోట్ల 11 లక్షలు. ఆతనికి దొరకిన అంగడి మన గాయకులకు దొరకదు. ఇరుగుపొరుగు భాషలతో మనకు పోరునులేదు. అంగడిలో మనకు అన్నము పెట్టుచున్నది తమిళ కన్నడములే. వానిని గౌరవించుచునే మన మాటను నిలుపుకొనవలెను.

ఆల్బమ్ పేరులో నున్నది పశ్చాత్తాపము. తాను ప్రేమించినవారు ఉన్నప్పుడు ఫోటోలు తీయలేదే యని ఆతడు విచారించుచున్నాడు. మనకు ఇంకను కొంత వ్యవధి కలదు. మన యిండ్లలో ఎనుబదియేండ్లు దాటిన అవ్వలు ఇంకను ఉన్నారు. వారి లాలిపాటలు, పెండ్లిపాటలు, తిట్లు, సామెతలు, వలస వచ్చిన కథలు వారితోనే పోవుచున్నవి. ప్రతి పిల్లవాని చేతిలోను సెల్‌ఫోను కలదు. వచ్చు ఆదివారమునాడు ఒక గంటసేపు, ఆ ఫోనును అవ్వ ముందుంచి, ఆమె పలికినది పలికినట్లే పట్టుకొనుడని పిల్లలను కోరుచున్నాము. దిద్దవలదు, నవ్వవలదు. పట్టినదానిని సంఘమందిరమునకు తెండు. భద్రపరచు పూచీ మాది.

మా మేనకోడలికి ఈ పని మొట్టమొదట అప్పగించితిమి. వాళ్ల నాయనమ్మ కూడ ‘ఉండాది’ అనియే అనును.