పందికొక్కుకి వాసన అడ్డం కాదు, జాలీ అడ్డం

కంద మడి చుట్టూ జాలీ పాతిన వీడియో పెట్టాక చాలామంది అడిగింది ఒకటే. "ప్రకృతి వ్యవసాయం చేస్తూ ఇనుప జాలీ ఏంటండీ, ఏదన్నా కషాయం చెప్పండి." ఎలుకకి కషాయం లేదండీ. ఉందని చెప్తే మీకూ సంతోషం, నాకూ వ్యూస్ వస్తాయి. కానీ పోయేది మీ దుంప.

వెల్లుల్లి రసం, వేపపిండి, ఎండుమిరప పొడి, గట్టు వెంట ఆముదం మొక్కలు... ఇవన్నీ వాట్సాప్‌లో తిరుగుతూనే ఉంటాయి. వీటితో రెండు మూడు రోజులు తేడా కనపడే మాట నిజమే. ఎలుక పుట్టుకతోనే అనుమానపు జంతువు. కొత్త వస్తువన్నా, కొత్త వాసనన్నా ముందు జంకుతుంది, ప్రమాదం లేదని తెలిశాక అలవాటు పడిపోతుంది. ఆ రెండు రోజుల్లో తీసిన వీడియోనే మన ఫోన్లోకి వస్తుంది. గ్లిరిసిడియా సంగతీ అంతే. ఆ లాటిన్ పేరుకి అర్థమే ఎలుకల్ని చంపేది అని. మధ్య అమెరికా దేశాల్లో దాని బెరడు ధాన్యంతో కలిపి ఎరగా పెట్టేవారు. అక్కడ ఎలుక తిని చచ్చింది గానీ చెట్టుని చూసి పారిపోలేదు. పచ్చిరొట్ట కోసం గట్టున వేసుకోండి, చాలా మంచిది. కాపలాకి మాత్రం పనికిరాదు.

ఇప్పుడు మనవాళ్లలో కొందరికి నచ్చని మాట చెప్తాను. మందులు కొట్టే పక్క చేను కంటే మన మడే పందికొక్కుకి ఎక్కువ సుఖం. 365 రోజులూ నేల కప్పి ఉంచాలన్నది మన సూత్రం. దాని మీద నాకు ఏ అనుమానమూ లేదు, నేను మానను కూడా. కానీ అరడుగు మందాన ఆచ్ఛాదన వేశామంటే ఎలుకకి పైకప్పు వేసినట్టే. గుడ్లగూబకి కనపడదు, నేల గుల్లగా ఉంటుంది కాబట్టి తవ్వుకోవడం తేలిక, పైగా ఏడాది పొడుగునా ఏదో ఒక పంట. మా కొల్లిపర వైపు నవంబరు, డిసెంబరుల్లో వరి కోతలవగానే ఆ చేలల్లో తిండి అయిపోతుంది. అప్పుడు అవి మొక్కజొన్నలోకైనా పోవాలి, మన కూరగాయల్లోకైనా రావాలి. అదే సమయానికి కంద, చేమ ఊరి ఉంటాయి. పైన ఆకు పచ్చగానే కనపడుతుంది, తవ్వి చూస్తే దుంప బోలు.

"ప్రకృతిలో దాని వాటా దానికి వదిలెయ్ అబ్బాయ్" అంటాడు మా పక్క పొలం బాబాయి. పిట్ట విషయంలో ఆ మాట ఒప్పుకుంటాను. పందికొక్కు వాటా తిని ఊరుకోదు, బొరియలో గోదాం కట్టుకుంటుంది. మోసేది మూడు వారాలు, ఈతకి ఆరేడు పిల్లలు.

అసలు నాకు భయం ఎలుక గురించి కాదు. విసుగొచ్చిన రైతు రాత్రిపూట జింక్ ఫాస్ఫైడ్ ఉండలు పెట్టి, పొద్దున్నే అదే మడిలో వంకాయలు కోసి "ప్రకృతి పంట" అని బుట్టలో పెట్టడం గురించి. ఇది జరుగుతోంది, మనందరికీ తెలుసు, ఎవరం మాట్లాడం. నేను వారం వారం ఇళ్లకి కూరగాయల బుట్టలు పంపే వ్యాపారంలో ఉన్నాను. నా దగ్గర కొనేవాళ్లు రుచి కోసం కాదు, నమ్మకం కోసం రెండు రూపాయలు ఎక్కువ ఇస్తారు. ఆ మందు కడుపులో ఆమ్లంతో కలిసి ఫాస్ఫీన్ గ్యాసుగా మారుతుంది, మనిషి పొరపాటున తింటే విరుగుడు మందంటూ లేదు. కొంచెం తిని బతికిన ఎలుక మళ్లీ ఆ ఎర జోలికి రాదు. బ్రోమాడియోలోన్ అయితే ఎలుక ఒంట్లో నిలవ ఉండి, దాన్ని తిన్న గుడ్లగూబ ఒంట్లోకి పోతుంది. అంటే జీతం లేని కాపలాదారుని మనమే చంపుకుంటున్నాం. గట్టు మీద కరెంటు తీగ లాగేవాళ్ల గురించి ఏం చెప్పను! అది మనుషుల ప్రాణం తీసే పని, కేసు కూడా అవుతుంది.

ముందు ఉన్నది ఏంటో చూసుకోండి. ముక్కు సూదిగా, కంపు కొడుతూ గోడ వెంట పరిగెత్తేది చుంచు. అది తినేది ఎక్కువగా పురుగుల్ని, దాన్ని వదిలెయ్యండి. పందికొక్కు బొరియ ముందు తాజా మట్టి కుప్ప ఉంటుంది, లోపలి నుంచి మట్టితో మూసుకుంటుంది కూడా. సాయంత్రం కనపడిన బొరియలన్నీ కాలితో తొక్కి మూసెయ్యండి. పొద్దున్నే ఏవి తెరుచుకున్నాయో అవే కాపురం ఉన్న బొరియలు. చెయ్యి మాత్రం పెట్టొద్దు, ఎలుక ఉన్న చోటికి పాము వస్తుంది. ఆ పాము జెర్రిపోతు అయితే అదృష్టమే. దానికి విషం లేదు, ఎలుకలే దాని తిండి. నాగుపాముతో జత కడుతుందని కర్రలు పట్టుకుని వెంటపడటం మానాలి మనం.

ఇక జాలీ. 10 సెంట్ల మడి నలుచదరంగా ఉంటే పక్కకి 66 అడుగులు, చుట్టూ 264 అడుగులు. అదే ఎకరానికి చుట్టుకొలత దాదాపు 835 అడుగులు. భూమి పదింతలైతే జాలీ మూడింతలే పెరుగుతుంది. అందుకే ఇద్దరు ముగ్గురు కలిసి దుంప పంటలన్నీ ఒకే చోట వేస్తే ఖర్చు కలిసొస్తుంది. పొలమంతా పాతమని నేను చెప్పను. నారుమడికి, దుంపలకి చాలు.

అర అంగుళం కన్ను ఉన్న వెల్డింగ్ జీఐ జాలీ, 4 అడుగుల వెడల్పుది తీసుకోండి. కోళ్ల జాలీ వద్దు, తీగ సన్నం, కొరికేస్తాయి, త్వరగా తుప్పు పడుతుంది. 2 అడుగుల లోతు గాడి తవ్వి, జాలీ అడుగు భాగం 1 అడుగు బయటివైపుకి మడిచి పరచండి, 1 అడుగు నేల పైన ఉండాలి. ఆ మడతే ప్రాణం. పందికొక్కు గోడ మొదట్లో తవ్వుతుంది, కింద ఇనుము తగులుతుంది, వెనక్కి వెళ్లి అడుగు దూరం నుంచి తవ్వాలన్న ఆలోచన దానికి రాదు. ఉన్న వాటిని పట్టేశాకే జాలీ మూయాలి, లేకపోతే లోపల పెట్టి తాళం వేసినట్టే. చిట్టెలుక అర అంగుళంలోంచి దూరగలదు, నారుమడికైతే పావు అంగుళం కన్ను వాడండి. చెట్లెక్కే ఎలుకని, ఉడుతని ఇది ఆపదు.

జాలీకి బయట 2 అడుగులు, లోపల 1 అడుగు నేల ఖాళీగా ఉంచండి. అక్కడ ఆచ్ఛాదన వద్దు. మిగతా మడిలో వేసుకోండి, కాకపోతే వారానికోసారి గడ్డి కర్రతో కదపండి. గట్లు వీలైనంత సన్నం చెయ్యండి, వెడల్పు గట్టులోనే పెద్ద బొరియలు పడతాయి. మడిలో అక్కడక్కడా టీ ఆకారంలో కర్రలు పాతితే రాత్రి గుడ్లగూబ వచ్చి కూర్చుంటుంది. దాన్ని చావుపిట్ట అని తరిమే ఇళ్లు ఇంకా ఉన్నాయి, ఇంట్లో పెద్దవాళ్లకి ముందే చెప్పి ఒప్పించండి.

పట్టడానికి సరైన కాలం ఏప్రిల్, మే. చేలు ఖాళీగా ఉంటాయి, తిండి తక్కువ, ఉన్నవన్నీ గట్లలోకి చేరతాయి. మా డెల్టాలో వెదురు బుట్టలు పెట్టి ఎలుకలు పట్టే యానాది కుటుంబాలు ఉన్నాయి. గట్టు చూసి ఎన్ని ఉన్నాయో చెప్పగలరు, నా డిప్లొమాలో ఆ పాఠం లేదు. వాళ్లని పిలిచినప్పుడు మీ మడికొక్కదానికే పిలవకండి. పక్కన వరి, మొక్కజొన్న వేసే రైతుల్ని కలుపుకుని, అదే రాత్రి అన్ని గట్ల మీదా బుట్టలు పెట్టించండి. మా బాబాయి ఈ వేసవికి తన వంతు డబ్బు ఇస్తానన్నాడు. వాటా వదిలెయ్యమన్న బాబాయే.