పాటల బృందానికి ఆశ్రయమేది?

నలుగురు విద్యార్థులు గిటారు పట్టుకొని ఒకచోట చేరితే చాలు, "చదువు చెడింది" అని పెద్దలు నిట్టూర్చడం మన ప్రాంతంలో పరిపాటి. ఆ భయం పూర్తిగా నిరాధారమని మేమనము. వాద్యబృందాన్ని నమ్ముకొన్నవారి బ్రతుకు సులభమైనది కాదు. అయితే లోపం పాటలో ఉన్నదా, పాటకు నీడనివ్వని సమాజంలో ఉన్నదా అన్నదే మా ప్రశ్న.

పాశ్చాత్య దేశాలలో ఫంక్ రాక్ అనే సంగీతరీతి ఉన్నది. అందులో లయకే పెద్దపీట. గిటారు సైతం డప్పువలె మోగుతుంది. పీర్ల పండుగనాడు అలావా చుట్టూ డప్పు విన్న మార్కాపురం, గిద్దలూరు యువకులకు ఆ ఊపు పరాయిది కాదు. ఆ రీతిలో పేరుపొందిన రెడ్ హాట్ చిలీ పెప్పర్స్ బృందాన్ని 1983లో లాస్ ఏంజిలిస్ నగరంలో బడిస్నేహితులే స్థాపించారు. 1988లో మాదకద్రవ్యం వారి గిటారు వాద్యకారుడు హిల్లెల్ స్లోవాక్‌ను బలిగొన్నది. అది యువతకు హెచ్చరిక. అయినను బృందం నిలిచింది. 1991 నాటి గీతసంపుటితో ప్రపంచఖ్యాతి గడించింది. అక్కడ బృందాన్ని బృందంగానే ఆదరించే వేదికలూ, శ్రోతలూ ఉన్నారు.

మన తెలుగునాట ఏమైనది? హైదరాబాదులో యశ్వంత్ నాగ్, రామ్ మిరియాల మొదలైనవారు కలిసి చౌరస్తా బ్యాండ్‌గా ఏర్పడి, పల్లెపదానికి రెగే లయను జోడించారు. వారి "ఊరెళ్ళిపోతా మామా" పాట పేరు వింటేనే, వానలు మొగం చాటేసిన ఏడు పనికై బెంగుళూరు, హైదరాబాదు బస్సులెక్కే మన ఊళ్ళవారు గుర్తుకు వస్తారు. తరువాత రామ్ మిరియాల బృందాన్ని వీడి, 2021లో "జాతిరత్నాలు", 2022లో "డీజే టిల్లు" చిత్రాల పాటలతో ఇంటింటా వినిపించారు. ఆయనను మేము తప్పుపట్టము. కాని చిత్రసీమ ఒక గొంతును ఎన్నుకొంటుంది, బృందాన్ని ఎన్నుకొనదు.

ఇది నేటి సమస్య మాత్రమే కాదు. 1924లో మన ప్రకాశం జిల్లా కరవదిలో జన్మించిన నాదస్వర విద్వాంసులు షేక్ చినమౌలానా సాహెబు శ్రీరంగంలో స్థిరపడ్డారు. 1998లో మద్రాసు సంగీత అకాడమీ వారిని సంగీత కళానిధిగా గౌరవించింది. ముస్లిం కుటుంబంలో పుట్టి దేవాలయ వాద్యానికి కీర్తి తెచ్చిన ఆ మహనీయుని గురించి మన విద్యార్థులలో ఎందరికి తెలుసు?

కావున కళాశాల యాజమాన్య సంఘము వారికి మా మనవి రెండే మాటలు. సాయంవేళ ఒక గది తెరచి ఉంచండి. వార్షికోత్సవంలో సినిమా పాటల రికార్డుకిచ్చే సమయంలో అరగంట తగ్గించి, విద్యార్థులు తామే కట్టిన తెలుగు, ఉర్దూ పాటలకు కేటాయించండి. తొలినాళ్ళలో తాళం తప్పవచ్చును, అపశ్రుతులు వినవచ్చును. ఆ అరగంట ఓపిక పట్టడమే ఆశ్రయమని మేము భావిస్తున్నాము.