గేటు దగ్గరే ఆగిపోయే షికారు

చెరువుల పునరుద్ధరణ పథకం మిషన్ కాకతీయ పుణ్యమా అని తెలంగాణ పట్టణాల్లో ‘మినీ ట్యాంక్‌బండ్’ ఇంటింటి మాట అయిపోయింది. సిద్దిపేట కోమటి చెరువు మొదలుకొని మహబూబ్‌నగర్ పెద్ద చెరువు దాకా, పొలాలకు నీళ్లు నిలిపిన గట్లే ఇప్పుడు ఊరికి సాయంత్రపు షికారు స్థలాలు. నడకకు వచ్చేవాళ్లు, సెల్ఫీలకు వచ్చేవాళ్లు, కేవలం మిర్చి బజ్జీ కోసం వచ్చేవాళ్లు.

సంతోషమే. అయితే ఇలాంటి గట్లకూ పార్కులకూ లోపలికి వెళ్లే దారిని ఒకసారి గమనించాలి. బైకులు దూరకుండా చాలాచోట్ల ఇనుప పైపులు అడ్డదిడ్డంగా పాతేస్తారు. మనిషైతే ఒక పక్కకు ఒదిగి దూరిపోతాడు. చక్రాల కుర్చీ ఒదగదు. పసిపిల్లల బండీ ఒదగదు, వాకర్ పట్టుకున్న తాతగారూ ఒదగలేరు. తెగించిన కుర్రాడు మాత్రం బైకును ఎలాగోలా లోపలికి లాగేస్తాడు!

ఇక ర్యాంపు సంగతి. దాని లెక్క ఎవరికైనా అర్థమయ్యేదే: అడుగు ఎత్తు ఎక్కాలంటే కనీసం 12 అడుగుల వాలు ఉండాలి. ఆరంగుళాల మెట్లు మూడున్న చోట 18 అడుగులు. పదడుగుల గట్టుకైతే 120 అడుగులు, మధ్యమధ్య ఆగి ఊపిరి పీల్చుకోవడానికి చదునైన జాగా అదనం. స్థలం లేదంటూ దాన్ని 30 అడుగులకు కుదించి కడితే పిల్లలకు జారుడుబల్ల దొరుకుతుంది, అంతే.

ఇదంతా దయతో చేసే పని అనుకుంటున్నంతకాలం ఇలాగే ఉంటుంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించి, బహిరంగ స్థలాల్లో అందరికీ ప్రవేశాన్ని హక్కు చేసింది. కానీ దాని కింద వచ్చిన నిబంధన ప్రమాణాలను ఉత్త సిఫారసుల స్థాయికి దించేసింది. రాజీవ్ రతూరి కేసులో 2024 నవంబరులో సుప్రీంకోర్టు ఆ నిబంధనను తప్పుబట్టి, తప్పక పాటించాల్సిన ప్రమాణాలను మూడు నెలల్లో రూపొందించమని కేంద్రాన్ని ఆదేశించింది. ఆ కేసులో కోర్టు ముందుకు వచ్చిన నివేదిక మన హైదరాబాద్ నల్సార్ విశ్వవిద్యాలయంలో తయారైందే.

తమిళనాడు ఒక అడుగు వేసి చూపించింది. చెన్నై మెరీనాలో 2022 నవంబరులో ఇసుక మీదుగా సముద్రం వైపు 263 మీటర్ల చెక్క బాట వేశారు. చక్రాల కుర్చీలో కూర్చున్నవాళ్లు అలల దగ్గరికి వెళ్లారు. రెండు వారాలు తిరక్కుండానే మాండస్ తుపాను దాన్ని దెబ్బతీసింది. మళ్లీ బాగుచేశారు. ఇసుకలో సాధ్యమైనది చెరువు గట్టు మీద కాదా?

బాట ఒక్కటే చాలదు. కుర్చీలో కూర్చున్న మనిషి కన్ను నాలుగడుగుల ఎత్తుకు కాస్త అటూ ఇటూగా ఉంటుంది. నీళ్ల వైపు అంతెత్తు గోడ కడితే ఆయన చెరువుకొచ్చి సిమెంటు చూసి వెళ్లాలి. అక్కడ కమ్మీలు చాలు. చూపు లేనివారికి కావాల్సింది ఇంకొకటి. న్యూయార్క్ బ్రూక్లిన్ బొటానిక్ గార్డెన్‌లో 1955లోనే వాళ్లను దృష్టిలో పెట్టుకుని సువాసనల తోట వేశారు. చేతికందే ఎత్తులో మడులు, తడిమి చూసే ఆకులు, నలిపితే గుప్పుమనే మొక్కలు. మరువం, దవనం, సంపెంగ పెరిగే నేల మీద ఆ తోటకు కరువేమిటి? మలుపు మలుపుకూ ఒక వాసన నాటితే, పొగడపూల దగ్గర బల్ల ఉందని ముక్కే చెబుతుంది. క్రోటన్ల వరుసలు కత్తిరించడానికి మాలికి పట్టే శ్రమ కన్నా ఎక్కువేం పట్టదు.

ఈసారి ఏ గట్టునైనా సుందరీకరించినప్పుడు, కాంట్రాక్టరు బిల్లు మీద సంతకం పెట్టేముందు ఇంజనీరుగారు బస్టాపు దగ్గర చక్రాల కుర్చీలో కూర్చోవాలి. అక్కణ్నుంచి నీళ్ల ఒడ్డు దాకా, ఒడ్డు నుంచి మరుగుదొడ్డి దాకా ఎవరూ ఎత్తకుండా వెళ్లి రావాలి. దిగాల్సి వచ్చిన ప్రతి చోటునూ కొలతల పుస్తకంలో రాయాలి. మరుగుదొడ్డికి తాళం వేసి ఉంటే, తాళంచెవి పట్టుకుని టీకి వెళ్లిన వాచ్‌మన్ వచ్చేదాకా అక్కడే కూర్చోవాలి.