స్కార్లెట్ ఫీవర్: మూడో రోజుకు ఖాళీ అయ్యే సీసా

హైదరాబాద్‌లో స్కార్లెట్ ఫీవర్ లక్షణాలతో వస్తున్న పిల్లల సంఖ్య పెరిగిందని 2024 తొలి నెలల్లో వైద్యులు చెప్పినప్పుడు, చాలామంది తల్లిదండ్రులు ఆ పేరు వినడం అదే మొదటిసారి. కొన్ని శీర్షికలు దీన్ని ‘కొత్త జ్వరం’ అని కూడా అన్నాయి. నిజానికి 17వ శతాబ్దంలోనే ఇంగ్లండ్ వైద్యుడు థామస్ సిడెన్‌హామ్ ఈ వ్యాధిని వర్ణించి పేరు పెట్టాడు. అంతకుముందు 2022 డిసెంబరులో బ్రిటన్, ఫ్రాన్స్, ఐర్లాండ్, నెదర్లాండ్స్, స్వీడన్ దేశాల్లో ఈ కేసులు పెరిగాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. పిల్లలకిచ్చే ద్రవరూప పెనిసిలిన్‌కు అప్పుడు బ్రిటన్‌లోనే కొరత ఏర్పడింది.

వ్యాధికి మూలం గ్రూప్-ఎ స్ట్రెప్టోకాకస్ అనే బాక్టీరియా. దగ్గు, తుమ్ముల తుంపరల ద్వారా ఒకరి నుంచి మరొకరికి సోకుతుంది. 5 నుంచి 15 ఏళ్ల పిల్లల్లో ఎక్కువ కాబట్టి తరగతి గదులు దీనికి అనువైన చోట్లు. గొంతునొప్పి, తీవ్ర జ్వరం, కొన్నిసార్లు వాంతులు, కడుపునొప్పితో మొదలై, ఒకటి రెండు రోజుల్లో మెడ, ఛాతీ నుంచి దద్దురు శరీరమంతా వ్యాపిస్తుంది. నాలుకపై ఎర్రని బొడిపెలు లేచి అది స్ట్రాబెర్రీ పండులా కనిపిస్తుంది. వైద్య గ్రంథాల్లోని బొమ్మల్లో ఈ దద్దురు సింధూరవర్ణంలో ఉంటుంది. మన పిల్లల చామనఛాయ మేనిపై ఆ ఎరుపు అంత తేలికగా తెలియదు. కంటికంటే చేయే నమ్మదగిన సాధనం: చర్మాన్ని తాకితే ఉప్పుకాగితంలా గరగరలాడుతుంది.

ఒంటిపై దద్దురు కనిపించగానే ‘అమ్మవారు’ అనుకుని వేపాకు పరచి, మందు మాన్పించే అలవాటు మన ఇళ్లలో ఇంకా పూర్తిగా పోలేదు. ఆటలమ్మకు, తట్టుకు సైతం వైద్యుణ్ణి చూడవలసిందే. అయితే స్కార్లెట్ ఫీవర్ విషయంలో ఆలస్యానికి చెల్లించే మూల్యం వేరు. తట్టులో ముక్కు కారడం, కళ్లు ఎర్రబడటం, దగ్గు ప్రధానంగా ఉంటాయి. ఇందులో గొంతునొప్పిదే పైచేయి. గొంతు నుంచి దూదిపుల్లతో నమూనా తీసి పరీక్షిస్తే నిర్ధారణ సాధ్యమవుతుంది.

పేరు భయపెట్టేదే అయినా వ్యాధి లొంగనిది కాదు. పెనిసిలిన్‌కు గానీ, అదే కుటుంబానికి చెందిన అమోక్సిసిలిన్‌కు గానీ ఈ బాక్టీరియా ఇప్పటికీ లొంగుతూనే ఉంది. మందు మొదలుపెట్టిన 24 గంటల తర్వాత బిడ్డ నుంచి ఇతరులకు సోకే అవకాశం దాదాపు పోతుంది. అసలు చిక్కు ఆ తర్వాతే వస్తుంది. చికిత్స 10 రోజులు సాగాలి. పొడిరూపంలో వచ్చే, నీరు కలిపి తాగించే మందు మన దుకాణాల్లో తరచుగా 30 మిల్లీలీటర్ల సీసాలో దొరుకుతుంది. ఉదాహరణకు 5 మిల్లీలీటర్ల చొప్పున రోజుకు రెండుసార్లు ఇస్తే మూడో రోజు సాయంత్రానికి సీసా ఖాళీ. జ్వరం కూడా ఇంచుమించు అప్పటికే తగ్గి ఉంటుంది. బిడ్డ ఆడుకుంటూ ఉంటే రెండో సీసా కొనాలని ఎవరికి తోస్తుంది?

ఈ తప్పును తల్లిదండ్రుల నిర్లక్ష్యంగా కొట్టిపారేయడం అన్యాయం. చీటీపై మొత్తం ఎన్ని సీసాలో రాసే వైద్యులు తక్కువ. మూడు రోజుల మందు ఇచ్చి మళ్లీ రమ్మనే చోట, ఆ ‘మళ్లీ రావడం’ కూలికి వెళ్లే తల్లికి ఒక పూట వేతనంతో సమానం. యాంటీబయాటిక్ ఎందుకు రాస్తున్నదీ చీటీపై పేర్కొనాలని వైద్యులకు, చీటీ లేనిదే అమ్మవద్దని దుకాణదారులకు కేంద్ర ఆరోగ్య సేవల డైరెక్టరేట్ 2024 జనవరిలో సూచించింది. అది సబబైన సూచనే; పిల్లల గొంతునొప్పుల్లో అధికభాగం వైరస్ వల్ల వచ్చేవే, వాటికి ఈ మందులు అనవసరం. కానీ కారణంతో పాటు ‘ఎన్నాళ్లు’ అన్నది కూడా పెద్ద అక్షరాల్లో రాయించి ఉంటే మరింత బాగుండేది.

మధ్యలో ఆపితే ఏమవుతుంది? చాలామందికి ఏమీ కాదు, అందుకే ఈ హెచ్చరిక చెవికెక్కదు. కొందరిలో మాత్రం రెండు మూడు వారాల తర్వాత కీళ్లు వాచి, ఆయాసం మొదలై, రుమాటిక్ జ్వరం గుండె కవాటాలను దెబ్బతీస్తుంది. ఐరోపా దేశాల్లో ఇది దాదాపు కనుమరుగైంది; భారత ఉపఖండంలో నేటికీ యువతీయువకుల గుండెజబ్బులకు ముఖ్య కారణాల్లో ఒకటి. ఒకసారి కవాటం దెబ్బతింటే మూడు నాలుగు వారాలకోసారి పెనిసిలిన్ ఇంజెక్షన్ ఏళ్ల తరబడి తీసుకోవాలి, కొందరికి శస్త్రచికిత్స తప్పదు. రెండో సీసా ఖర్చుతో దీన్ని పోల్చి చూడవచ్చు. ఒక ఊరట కూడా ఉంది: గొంతునొప్పి మొదలైన 9 రోజుల్లోపు చికిత్స ప్రారంభించినా రుమాటిక్ జ్వరాన్ని చాలావరకు నివారించవచ్చు.

ఇంట్లో చేయగలిగింది సులువే. గొంతు మింగుడుపడని బిడ్డకు చల్లారిన గంజి, పలుచని మజ్జిగ, మెత్తని అన్నం కొద్దికొద్దిగా ఇవ్వాలి. జ్వరానికి వైద్యుడు చెప్పిన మోతాదులో పారాసెటమాల్ చాలు, ఆస్పిరిన్ పిల్లలకు ఇవ్వరాదు. గోళ్లు కత్తిరిస్తే గోకుడు గాయాలుండవు. వారం తర్వాత వేళ్ల కొసల్లో తోలు ఊడటం చూసి కంగారుపడనక్కర్లేదు. శ్వాస కష్టమైనా, బిడ్డ ద్రవాలు తాగలేకపోయినా, మగతగా ఉన్నా ఆలస్యం చేయరాదు. జ్వరం 5 రోజులు దాటితే కవాసాకి వంటి ఇతర వ్యాధులనూ పరిశీలించాలి. నెల లోపు ముఖం ఉబ్బినా, మూత్రం ముదురు రంగుకు మారినా మూత్రపిండాల పరీక్ష అవసరం.

ఈ వ్యాధికి టీకా లేదు. 2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం గుర్తించవలసిన వ్యాధుల జాబితాలో రుమాటిక్ గుండెజబ్బు ఉంది. ఆ బృందాలు ప్రభుత్వ బడులకు వెళ్లేది ఏడాదికొకసారి. గుండెలో తేడా వినిపించే దశకు ముందే, తరగతిలో ఇద్దరు ముగ్గురికి ఒకేసారి గొంతునొప్పి, గరుకు దద్దురు వచ్చినప్పుడు ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి కబురు పంపే పని ఉపాధ్యాయులకు అప్పగించవచ్చు. అందుకు కొత్త పథకం అక్కర్లేదు, ఒక ఫోన్ నంబరు చాలు.