దిద్దుబాటుకు జాడ

బడిలో అడ్మిషన్ రిజిస్టరు వ్రాయు ఉపాధ్యాయులందరికి ఒక నియమము తెలిసినదే. తప్పుపడిన అక్షరాన్ని గీకివేయరాదు. పాతది కనబడునట్లు ఒక్క గీత కొట్టి, పైన సరియైనది వ్రాసి, ప్రక్కన పొట్టి సంతకము చేయవలెను. కల్వకుర్తి బడిలో ఒక్క పిల్లవాని పుట్టిన తేదీకి చూపు ఈ జాగ్రత్త, రాష్ట్రమంతటి పిల్లలు చదువు పాఠ్యపుస్తకానికి ఏల లేకపోయినది?

2023 జూన్‌లో తెలంగాణ పదవ తరగతి సాంఘికశాస్త్ర పుస్తకము అట్టపై రాజ్యాంగ ప్రవేశిక అచ్చయినది. అందులో 'సామ్యవాద', 'లౌకిక' అను మాటలు లేవు. అది 1976 నాటి 42వ సవరణకు ముందటి పాఠము. పొరపాటున జరిగినదని రాష్ట్ర విద్యా పరిశోధన, శిక్షణ సంస్థ చెప్పినది. కావచ్చును. మరుసటి ఏడు 2024 జూన్‌లో, బడులు తెరిచిన దినాలలోనే, తెలుగు వాచకాల ముందుమాటలో మాజీ ముఖ్యమంత్రి పేరే ఇంకను ఉన్నదని పుస్తకాలను వెనుకకు తీసుకొన్నారు. ఆ పుటను జిగురుతో అంటించి మరల పంచిపెట్టినారు. ఒకచోట పాతది తెలియక వచ్చి చేరినది. మరియొకచోట పాతది తొలగక నిలిచినది. ఏ ప్రతిని ఎవరు, ఎప్పుడు చూచినారో పుస్తకము చెప్పలేదు.

విచిత్రమేమనగా, రాజ్యాంగమే ఈ విషయంలో మనకు గురువు. ప్రభుత్వ ముద్రణలో ప్రవేశిక క్రింద చిన్న అక్షరాలలో ఒక సూచిక ఉండును. ఏ మాటల స్థానంలో ఏ మాటలు వచ్చినవో, ఏ సవరణచేత వచ్చినవో, 1977 జనవరి 3 నుండి అమలైనదని కూడ అందు కలదు. భారతానికి సంశోధిత ముద్రణలు చేసిన పండితులును పుట అడుగున పాఠాంతరాలను చూపియే పోయినారు.

నేటి కంప్యూటరులో ఇది మరింత సులభము. వర్డ్‌లో 'ట్రాక్ ఛేంజెస్' అను ఏర్పాటు తెరిచి ఉంచితే, తీసివేసిన మాటపై గీత పడును; చేర్చిన మాట రంగులో నిలుచును; చేసినవారి పేరు, వేళ ప్రక్కన కనబడును. కాని 'యాక్సెప్ట్' అని నొక్కగానే గుర్తులు మాయమై నున్నని ప్రతి మిగులును. అచ్చుకు పోవునది ఆ నున్నని ప్రతియే. గుర్తులున్న ప్రతిని వేరుగా దాచనిచో జాడ అక్కడితో సరి.

ఢిల్లీలోని ఎన్‌సీఈఆర్‌టీ 2022లో తొలగింపుల జాబితాను ప్రకటించినది. మంచి పనియే. కాని 2023 ఏప్రిల్‌లో చూడగా, గాంధీజీ హత్యకు సంబంధించిన కొన్ని వాక్యాలు జాబితాలో చేరకయే పన్నెండవ తరగతి పుస్తకము నుండి పోయి ఉన్నవి. ఆ జూన్‌లో సుహాస్ పల్శీకర్, యోగేంద్ర యాదవ్ గారలు తమ పేర్లను ముఖ్య సలహాదారులుగా ఉంచవద్దని వ్రాసినారు. మార్పు ఎవరిదో చెప్పని పుస్తకంలో, ఆ మార్పు పాత పేర్లవారి మీదనే పడును గదా!

పసిపిల్లల పుస్తకాలకు ఇంత తంతు ఏల అని కొందరందురు. పిల్లలకు అక్కరలేదు, పాఠము చెప్పువారికి కావలెను. కొత్త ముద్రణ వెంట మార్పుల పట్టిక ఒక్క పుట ఉపాధ్యాయులకు పంపుట పెద్ద ఖర్చు కాదు. ఆ పట్టిక వచ్చువరకు ప్రతి బడిలోను పాత ముద్రణలను తూకానికి వేయక, తరగతికి ఒక్కొక్క ప్రతిని, సంవత్సరము వ్రాసి, బీరువాలో ఉంచవచ్చును.